కంచంలో ఏం మిగిలింది?: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల ఈ శీర్షికలో, అరవై ఆరేళ్ల వయసులో నేనొక ఆన్‌లైన్ కోర్సు చేశానని ఓ మాట రాశాను. పెద్ద వయసు వాళ్లలో పోషకాహార లోపాన్ని ఎలా పసిగట్టాలో డాక్టర్లకి, నర్సులకి, మాలాంటి డైటీషియన్లకి నేర్పే కోర్సు అది. విశాఖలో ఒక ఆసుపత్రిలో ముప్ఫై ఏళ్లు ఇదే పని చేసి రిటైరయ్యాక, పెదవాల్తేరులో మా బాల్కనీలో కూర్చుని మళ్లీ పాఠాలు విన్నాను. మ్యూట్ తీయడం, పెట్టడం మనవరాలు నేర్పింది. ఆ ఒక్క మాట పట్టుకుని ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. షుగరు ప్రశ్నలు పంపినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడమ్, నేను గాజువాకలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. వృద్ధుల పోషణ మీద ఆరు గంటల ఆన్‌లైన్ కోర్సు అందరూ చేసి తీరాలన్నారు. నైట్ డ్యూటీ దిగి, నిద్ర కళ్లతో నెక్స్ట్, నెక్స్ట్ అని నొక్కుకుంటూ పూర్తి చేశాను. క్విజ్‌లో వందకి తొంభై వచ్చాయి, సర్టిఫికెట్టూ వచ్చింది. వార్డులో మాత్రం అంతా మామూలే. నిజం చెప్పండి, ఈ కోర్సులతో ఏమైనా ఉపయోగం ఉందా?
(ఒక నర్సు, గాజువాక)

జవాబు: మా అమ్మాయి వయసుంటుంది నీకు, నువ్వు అంటున్నా, ఏమీ అనుకోకు. నిజం చెప్పమన్నావుగా, రెండో పాఠం నేనూ అలాగే నొక్కేశాను. ఫోన్లో వీడియో మాట్లాడుతుంటే వంటింట్లో పప్పుకి పోపు పెట్టుకున్నాను. ముప్ఫై ఏళ్లు చేసిన పని, వీళ్లు నాకు కొత్తగా చెప్పేదేముంది అని లోపల కాస్త పొగరు కూడా.

మూడో పాఠంలో దొరికిపోయాను. ఒక పెద్దావిడకి గుండె జబ్బు, కాళ్ల వాపు. మూడు నెలలుగా బరువులో తేడా లేదు. ఈవిడకి ప్రమాదం ఎంత అని అడిగారు. ‘తక్కువ’ అని టిక్కు పెట్టాను. తప్పు. ఒంట్లో చేరిన నీరు బరువుని పట్టి నిలబెడుతుంది, దాని కింద కండ కరిగిపోతున్నా మిషనుకి తెలియదు, ముందు మనిషిని చూడండి అని కింద వివరణ ఇచ్చారు.

అది చదవగానే ఎన్నో ఏళ్ల నాటి మనిషి ఒకాయన కళ్ల ముందుకొచ్చాడు. పోర్టులో కలాసీగా చేసి రిటైరైన పెద్దాయన. వారం వారం తూస్తే 61 కిలోలే. ‘బరువు నిలకడగా ఉంది’ అని నా చేత్తోనే రాశాను. నీరు లాగే మందు మొదలుపెట్టాక పది రోజుల్లో 54కి దిగాడు. ఆ ఏడు కిలోలూ నీళ్లే! కణతలు లోపలికి పోయాయి, మెడ కింద ఎముకల మీద చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టు వేలాడుతోంది. అవి అంతకుముందు వారమూ అలాగే ఉండి ఉంటాయి. నేను అంకె చూసి వెళ్లిపోయాను. కాబట్టి నీ తొంభై మార్కుల సంగతి పక్కన పెట్టు. ఏ పది మార్కులు పోయాయో వెనక్కి వెళ్లి చూశావా? నాకు పనికొచ్చిన పాఠమంతా ఆ తప్పు జవాబులోనే ఉంది.

ఇక వార్డు సంగతి. మీ కోర్సులో ‘మస్ట్’ ఉండే ఉంటుంది. పోషకాహార లోపం ముప్పు ఎంతుందో కనిపెట్టడానికి బ్రిటన్‌లోని బాపెన్ అనే సంస్థ 2003లో తెచ్చిన ఐదు మెట్ల పద్ధతి. బీఎంఐకి (ఎత్తుకి తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క) కొన్ని మార్కులు, గడిచిన మూడు నుంచి ఆరు నెలల్లో అనుకోకుండా తగ్గిన బరువుకి కొన్ని, హఠాత్తుగా జబ్బు ముదిరి తిండి ఆగిపోతే దానికి కొన్ని వేసి, కూడి, ఏం చేయాలో నిర్ణయించడం. తెర మీద చూస్తే చంటిపిల్లల లెక్కలా ఉంటుంది. మనిషి మీద వేసి చూడు. ఎత్తు 155 సెంటీమీటర్లు, ఆరు నెలల కిందట 52 కిలోలు, ఇప్పుడు 47. బీఎంఐ 19.5 చిల్లర. 18.5కీ 20కీ మధ్య ఉంది కాబట్టి 1. తగ్గిన అయిదు కిలోలు 52లో 9.6 శాతం. 5కీ 10కీ మధ్య ఉంది కాబట్టి ఇంకో 1. విడివిడిగా చూస్తే రెండూ ‘కాస్త చూసుకోండి’ అనే రకం. కలిపితే 2, అంటే ఎక్కువ ప్రమాదం, డైటీషియన్‌ని పిలవాల్సిందే. ‘కొద్దిగా నీరసపడ్డారండీ’ అని ఇంటివాళ్లు తేల్చేసిన మనిషి ఈవిడ. మార్కు 1 అయితే మూడు రోజులు తిండి లెక్క రాయాలి. 0 అయినా, ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లు వారానికోసారి మళ్లీ చూడాలి.

నేనైతే ఏ కోర్సునైనా ఒక్కటే చూస్తాను. ఒక పాఠానికీ ఇంకో పాఠానికీ మధ్య నన్ను కుర్చీలోంచి లేపి ఒక మనిషి దగ్గరకి పంపిందా లేదా? మీది పంపలేదనుకో, నువ్వే వెళ్లు. ఈ రాత్రి డ్యూటీలో అరవై దాటిన ఒకే ఒక్క పేషెంటుకి ఈ లెక్క వేసి కేస్ షీట్‌లో రాయి. పొద్దున డ్యూటీ అప్పజెప్పేటప్పుడు బీపీ, షుగరుతో పాటు ‘నాలుగో బెడ్ పెద్దాయన రాత్రి సగం కంచం వదిలేశారు’ అన్న మాట కూడా చెప్పు. మొదట్లో అవతలి అమ్మాయి నవ్వుతుంది. నవ్వనీ.

ఇంకొకటి, మీ కోర్సులో రీఫీడింగ్ పాఠం ఉందో లేదో చూసుకో. లేకపోతే అది సగం కోర్సే. చాలా రోజులుగా దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా నిండుగా పెడితే, గొట్టంలో పోసినా సరే, రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం దభాలున పడిపోతాయి. గుండె లయ తప్పుతుంది. ప్రాణం కూడా పోవచ్చు. అలాంటివాళ్లకి తక్కువతో మొదలుపెట్టి, డాక్టరు చెప్పిన థయమిన్ (బి1 విటమిన్) ఇస్తూ, రక్త పరీక్షలు చూసుకుంటూ మెల్లగా పెంచాలి. ‘పాపం, ఆకలితో ఉన్నారు’ అని అటెండెంట్లు క్యారేజీ విప్పే వేళకి నువ్వు అక్కడ ఉండాలి.

ప్రశ్న: అమ్మా, నేను భీమిలి దగ్గర పల్లెల్లో తిరిగే ఏఎన్ఎంని. మాకూ ఫోన్లో ట్రైనింగ్ ఇచ్చారు. ఎత్తు కొలవండి, బరువు చూడండి అంటారు. మా ముసలమ్మలు సగం మంది నిలబడలేరు, నిలబడినా నడుం వంగిపోయి ఉంటుంది. మిషను ఇసుక నేల మీద పెడితే ఒక్కోసారి ఒక్కో అంకె. ఏం చెయ్యమంటారు?

జవాబు: పూర్ణా మార్కెట్‌లో కుట్టుపని సామాన్ల కొట్టుంటుంది, టేపు ఒకటి కొనుక్కోండి. సాగే బట్ట టేపు వద్దు.

ముసలమ్మని మంచం అంచునో, అరుగు మీదో కూర్చోబెట్టండి. పాదం నేలకి పూర్తిగా ఆనాలి, మోకాలు సరిగ్గా మడత పడాలి. పిక్క ఎక్కడ లావుగా ఉందో అక్కడ టేపు చుట్టండి. బిగించకూడదు, తగిలీ తగలనట్టు ఉండాలి. కాస్త పైకీ కిందకీ జరిపి చూసి, ఎక్కువ వచ్చిన అంకె రాయండి. 31 సెంటీమీటర్లకి తగ్గితే ఆలోచించాల్సిందే. ఇది నా సొంత లెక్క కాదు. ఎంఎన్ఏ షార్ట్ ఫామ్ అని వృద్ధుల కోసమే తయారైన ఆరు ప్రశ్నల కాగితం ఉంది. తిండి తగ్గిందా, బరువు తగ్గిందా, మంచం దిగి తిరుగుతున్నారా, ఈ మూడు నెలల్లో పెద్ద జబ్బో మనసుకి దెబ్బో తగిలిందా, మతిమరుపో దిగులో ఉందా, బీఎంఐ ఎంత అని అడుగుతుంది. బీఎంఐ కుదరని చోట దాని బదులు పిక్క కొలతే వేసుకోవచ్చు. 31, ఆపైన ఉంటే 3 మార్కులు, తగ్గితే సున్నా. మొత్తం 14. పన్నెండు, ఆపైన వస్తే ఫరవాలేదు. 8 నుంచి 11 అయితే ముప్పు పొంచి ఉంది. 7, అంతకన్నా తక్కువ వస్తే లోపం ఉన్నట్టే, పీహెచ్‌సీకి పంపండి.

కాళ్లు వాచి ఉంటే పిక్క కొలత అబద్ధం చెబుతుంది, పైన కలాసీ పెద్దాయన విషయంలో మిషను చెప్పినట్టే. అప్పుడు చెయ్యి కొలవండి. భుజం చివరికీ మోచేతికీ సరిగ్గా నడుమ, చెయ్యి వదులుగా వేలాడేసి చుట్టుకొలత చూడాలి. 23.5 సెంటీమీటర్ల లోపు ఉంటే బీఎంఐ 20 కన్నా తక్కువ ఉండే అవకాశం ఎక్కువని బాపెన్ వాళ్ల లెక్క. అంగన్‌వాడీలో పిల్లల చేతికి చుట్టే రంగుల పట్టీ మీ సంచిలో ఉంటుంది కదా, దాన్ని ముసలమ్మకి చుట్టకండి. దాని మీద 11.5 దగ్గరుండే ఎరుపు అయిదేళ్ల లోపు పిల్లలది. నవ్వకండి, ఒకచోట చుట్టగా నేను కళ్లారా చూశాను.

ఏ కొలతా కుదరలేదా, రెండు ప్రశ్నలు చాలు. గడిచిన మూడు నెలల్లో తగ్గాలని అనుకోకుండానే మూడు కిలోలకి మించి తగ్గారా? ఆకలి మందగించిందా? ప్రపంచ ఆరోగ్య సంస్థ వృద్ధుల కోసం పెట్టిన ఐకోప్ పద్ధతిలో పోషణ గురించి మొదట అడిగేవి ఈ రెండే. ఏ ఒక్కదానికి ‘అవును’ అన్నా అక్కడ ఆగి పూర్తిగా చూడాలి.

ప్రశ్న: నమస్తే మేడమ్. జనరల్ మెడిసిన్ పీజీ చదువుతున్నాను. యూరప్ వాళ్ల ఆన్‌లైన్ మాడ్యూల్స్ బాగున్నాయి, కానీ ఉదాహరణలన్నీ సూపు, బ్రెడ్డు, చీజు. మా ఓపీకి వచ్చే పెద్దవాళ్లతో ఆ భాష పనికిరాదు. ‘బాగా తింటున్నారా’ అంటే ‘ఆఁ, బాగానే తింటున్నా బాబూ’ అంటారు. హిస్టరీ అక్కడితో ఆగిపోతోంది.

జవాబు: డాక్టరుగారూ, ఈ నెల వచ్చిన వాటిలో నాకు బాగా నచ్చిన ప్రశ్న ఇది. క్లినికల్ న్యూట్రిషన్‌లో ఎస్పెన్ (యూరప్‌లో రోగుల పోషణ మీద పనిచేసే నిపుణుల సంఘం) వాళ్ల ఎల్ఎల్ఎల్, అంటే ‘లైఫ్ లాంగ్ లెర్నింగ్’ పాఠాలు మంచివి, మీరు చదవాల్సిందే. కాకపోతే తింటున్నారా అన్న ప్రశ్నకి మన పెద్దవాళ్లు మర్యాదతో జవాబు చెబుతారు. ఇంట్లో తిండి పెట్టడం లేదన్న అర్థం వస్తే కొడుక్కీ కోడలికీ మాటొస్తుందని భయం. పక్కన కోడలే నిలబడి ఉంటుందాయె.

అందుకని నేను కంచం గురించి అడుగుతాను. ‘రాత్రి కంచంలో ఏం మిగిలింది మావయ్యా?’ మిగిలిందాని గురించి చెప్పడానికి ఎవరికీ నామోషీ ఉండదు. ‘అన్నం కాస్త వదిలేశానమ్మా, గట్టిగా ఉంది’ అంటారు. గట్టిగా ఉందంటే పళ్ల సంగతి చూడాలి. ‘కూర కారం’ అంటే నోట్లో పుండుందేమో చూడాలి. ‘రెండు ముద్దలకే పొలమారింది’ అన్నారంటే మింగడంలో తేడా ఉందని అర్థం. దాన్ని అసలు వదలకండి, ఊపిరితిత్తుల్లోకి పోయి నిమోనియా అయ్యేది అక్కడే.

బరువు కూడా అంతే. మూడు నెలల కిందట ఎంత ఉన్నారంటే ఎవరికి గుర్తుంటుంది? జాకెట్లు వదులయ్యాయా, గాజులు మోచేతి దాకా జారుతున్నాయా, ఉంగరానికి దారం చుట్టుకున్నారా, పంచె ఇంకో చుట్టు తిరుగుతోందా? అలా అడగండి. ‘పోషకాహార లోపం’ అనే మాట మీ కేస్ షీట్‌కి బాగుంటుంది. ఇంట్లో వాడే మాట ‘చిక్కిపోయారు’, ‘ఒళ్లు తీసేసింది’. మా వైపు ‘మనిషి సగమైపోనాడు’ అంటారు. ఆ మాట చెవిన పడితే పెన్ను తీయండి.

ఏ మాడ్యూల్‌లోనూ నాకు కనపడనిది ఒకటుంది. ఒంటిపూటలు లెక్కపెట్టండి. సోమవారం శివుడికి, శనివారం వెంకన్నకి, నడుమ ఒక ఏకాదశి. రాత్రి అన్నం మానేసి రెండు ఇడ్లీలో, గ్లాసుడు పాలో. ఇక కార్తీకమాసం వచ్చిందంటే సరే సరి. వారానికి రెండు మూడు పూటల అన్నం పోతున్నా, అది తిండి తగ్గడమని వాళ్లూ అనుకోరు, వాళ్లు చెప్పకపోతే మీకూ తెలియదు. మానేయమని చెప్పకండి, మీ మాట వినరు, పైగా మళ్లీ ఓపీకి రారు. ఆ పూట ఏం తింటారో మాట్లాడండి. పాలల్లో అటుకులు, పెసరట్టు, పల్లీలు, పనీరు, ఇవన్నీ ఉపవాసానికి ఒప్పుతాయో లేదో వాళ్లే చెబుతారు, ఇంటికో ఆచారం.

మందుల చీటీ కూడా ఒకసారి తిరగేయండి. మెట్‌ఫార్మిన్, డిగాక్సిన్ లాంటివి కొందరికి ఆకలి చంపేస్తాయి. మీకు నేను చెప్పేదేముంది గానీ, గుర్తుచేశాను.

ప్రశ్న: నేను ఎంవీపీ కాలనీలో ఫిజియోథెరపిస్టుని. డైట్ నా సబ్జెక్టు కాదు. ఇలాంటి కోర్సు నేనూ చేయాలా?

జవాబు: చేయండి. తుంటి ఎముక ఆపరేషన్ అయిన పెద్దావిడ చేత మీరు రోజూ కాళ్లు ఎత్తిస్తారు, ఆవిడ పగలంతా టీ, రస్కు మీద గడుపుతుంది. కండ దేంతో కడతారు? పైగా మీరు ఇంటికే వెళ్తారు కాబట్టి ఆ వంటింట్లో ఏం ఉడుకుతోందో డాక్టరు కన్నా మీకే బాగా తెలుస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారికి డబ్బా ప్రొటీన్ పౌడరు కొంటున్నాం. అది చాలుతుందా?
(సీతమ్మధార)

జవాబు: అన్నం మానేసి అదొక్కటే తాగిస్తే చాలదు. అన్నానికి అదనంగా, రెండు పూటల నడుమ ఇస్తే కొందరికి మేలు చేస్తుంది. కిడ్నీ జబ్బుంటే డాక్టరుని అడగకుండా డబ్బా మూత తీయకండి. నీళ్లలో కలిపే అలవాటుంటే పాలల్లో కలపండి.

ప్రశ్న: అమ్మగారూ, నేను నర్సునీ కాదు, డాక్టర్నీ కాదు. మా అత్తయ్యకి 74 ఏళ్లు, 48 కిలోలు. షుగరు ఉందని పదేళ్లుగా పత్యం. రెండు పూటలా చారన్నమే. గుడ్డు వేడి అంటారు, పప్పు గ్యాస్ అంటారు, చేపలు మానేశారు. ‘ఈ వయసులో ఇంతే తింటారు లేవే’ అని ఆవిడే నన్ను ఓదారుస్తారు. మీరు చేసిన కోర్సు నేను చేయొచ్చా?
(ఒక కోడలు, కంచరపాలెం)

జవాబు: కోర్సు నీకెందుకమ్మా, అది వార్డులో పనిచేసేవాళ్ల కోసం. అందులో నీకు పనికొచ్చే ముక్కలు నేనే చెబుతాను.

‘ఈ వయసులో ఇంతే’ అన్న మాట సగం నిజం. వయసుతో ఆకలి తగ్గుతుంది. కానీ కండ నిలబడాలంటే మాంసకృత్తుల అవసరం తగ్గదు. పెద్దవాళ్లకి ఒంటి బరువు కిలోకి కనీసం ఒక గ్రాము రోజూ అందాలని ఎస్పెన్ మార్గదర్శకాలు. అంటే మీ అత్తయ్యకి దాదాపు 48 గ్రాములు. రెండు పూటల చారన్నం, పొద్దున రెండు ఇడ్లీలు, రెండు టీలు వేసి నేను లెక్క చూస్తే ఇరవై గ్రాములు దాటడం కష్టం.

అదే మార్గదర్శకాల్లో ఇంకో మాట ఉంది, అది చదివి నేను కాసేపు బాల్కనీలో ఊరికే కూర్చున్నాను. తిండిని తగ్గించే కఠినమైన పత్యాలు వృద్ధులకి హాని చేయొచ్చు, వీలైనంత వరకు వద్దు అని. ముప్ఫై ఏళ్లలో ఎంతమందికి ‘ఇది తినకూడదు, అది తినకూడదు’ అని చీటీలు రాసిచ్చానో! పదేళ్ల కిందట రాసిన పత్యం ఇప్పుడు 48 కిలోల మనిషికి సరిపోదు. షుగరు రిపోర్టులు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు పట్టుకుని డాక్టరు దగ్గరకి వెళ్లి, ఈ పత్యం ఇంకా అవసరమా అని సూటిగా అడుగు. తిండి మారితే షుగరు మాత్రల మోతాదు కూడా ఆయనే చూడాలి.

కిడ్నీలు బాగున్నాయంటే ఇలా చేసి చూడు. చారులో కందిపప్పు కట్టు కాకుండా పప్పే మెత్తగా మెదిపి కలుపు, పైన చెంచా నెయ్యి. చారు చారులాగే కనపడాలి, అదే కిటుకు. పప్పు గ్యాస్ అంటే పెసరపప్పుతో మొదలుపెట్టు. పొద్దున చోడి (రాగి) అంబలి నీళ్లతో కాకుండా పాలతో కాచు. చోళ్లలో కాల్షియం దండిగా ఉంటుంది గానీ మాంసకృత్తులు మరీ ఎక్కువేమీ లేవు, ఆ పని పాలు చేస్తాయి. గుడ్డు వేడి అన్నది నేను ఈ వయసులో ఆవిడతో వాదించను. దోసెపిండిలో ఒకటి కొట్టి కలిపితే ఆరు గ్రాములు, కానీ ఆవిడకి చెప్పే చెయ్యి. దొంగతనంగా పెట్టావని తెలిస్తే నీ చేతి వంట మీదే నమ్మకం పోతుంది. చేపలు ఎందుకు మానేశారో కనుక్కో. మొక్కు ఉండి మానేస్తే సరే. ముళ్లకి భయపడి అయితే వంజరం ముక్క తెచ్చి ఉడికించి, ముళ్లు ఏరి పుట్టులా పొడి చెయ్యి. మా అమ్మ చివరి రెండేళ్లు అదే తిన్నది, హార్బరు నుంచి మా తమ్ముడు తెచ్చేవాడు.

ఒక్కసారే కంచం నింపకు, చూసి భయపడతారు. చిన్న కంచంలో అయిదు సార్లు పెట్టు. రాత్రి ఆవిడొక్కరినీ కూర్చోబెట్టి వడ్డించకుండా మీరంతా తినేటప్పుడే కూర్చోబెట్టు. నెలకోసారి, ఒకే రోజు, పొద్దున్నే, ఒకే మిషను మీద తూచి క్యాలెండరు మీద రాయి. నెల తిరిగేసరికి ఇంకో కిలో తగ్గితే తిండితో కుస్తీ పట్టడం ఆపి పరీక్షలకి తీసుకెళ్లు. క్షయ, థైరాయిడు, క్యాన్సరు, దిగులు, ఏదైనా వెనక ఉండొచ్చు.

అన్నట్టు, ఉత్తరంలో ఒక సంగతి రాయలేదు నువ్వు. మీ అత్తయ్యకి పళ్ల సెట్టు ఉందా? ఉంటే నోట్లో ఉందా, అలమరలో డబ్బాలో ఉందా? అది చూసి మళ్లీ రాయి.